హాజరు తక్కువైనవాళ్లు

నన్ను రెక్టారుగా వేసిన వారానికి పర్చూరు నుంచి నా చిన్ననాటి స్నేహితుడు చూడ్డానికి వచ్చాడు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. వాడు పదో తరగతి దగ్గర ఆగి పొగాకు సాగులో దిగాడు. నేను ఆగకుండా చదువుతూ పోయి వృక్షశాస్త్రం ప్రొఫెసర్నయ్యాను. నా గది చూసి, తువ్వాలు పరిచిన ఎత్తు కుర్చీ చూసి, గోడమీద పాత రెక్టార్ల జాబితా కింద కొత్తగా రాసిన నా పేరు చూసి వాడు బాగా సంబరపడ్డాడు. టీ తాగుతూ అడిగాడు.

"అంతా బానే ఉంది గానీ, ఏరా, రెక్టారంటే అసలేం చేస్తావురా నువ్వు?"

"వైస్ ఛాన్సలర్ తర్వాత నేనే. చదువుకి సంబంధించిందంతా నేను చూడాలి. ఏ కోర్సులుండాలి, క్లాసులెప్పుడు మొదలవ్వాలి, పరీక్షలెప్పుడు, ఎవరు రాయొచ్చు, ఎవరు రాయకూడదు, అదంతా."

"అంటే సీట్లు నీ చేతిలో ఉంటయ్యా?"

"ఉండవు."

"ఉద్యోగాలు?"

"ఉండవురా."

"మరి నీ చేతిలో ఏం ఉంటయ్యిరా?"

బల్ల మీదున్న ఆకుపచ్చ సిరా పెన్ను తీసి చూపించాను. వాడు గది అదిరేలా నవ్వాడు. నేనూ నవ్వాను. మూడేళ్లయ్యాక ఆ పదవి దిగి మళ్లీ నా డిపార్టుమెంటుకొచ్చి కూర్చున్నాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

వాడికి నేను చెప్పింది తప్పేం కాదు. యూనివర్సిటీలో పాలన రిజిస్ట్రారుది, పరువు వైస్ ఛాన్సలరుది, చదువు రెక్టారుది. కాగితాల్లో అలాగే ఉంటుంది. దగ్గర్నుంచి చూస్తే చదువు ఎవరిదీ కాదు. కొత్త కోర్సు పెట్టాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి, పాత కోర్సు పోవాలంటే ఎవరూ చేరకపోతే చాలు. నేను పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఏ ప్రొఫెసరుకి పంపాలో టిక్కులు పెట్టేవాణ్ని. సిలబస్ కమిటీల్లో తల ఊపేవాణ్ని. అనుబంధ కాలేజీలకి తనిఖీకి వెళ్లి, మా కారు గేటు దాటేదాకా మాత్రమే తెరిచి ఉండే ప్రయోగశాలలు చూసి, సంతృప్తికరంగా ఉన్నాయని రాసేవాణ్ని. ఆ మాట రాసేటప్పుడు మొదట్లో చెయ్యి కాస్త ఆగేది. తర్వాత ఆగడం మానేసింది.

నా చేతిలో నిజంగా ఉన్న పని ఒక్కటే. దాన్ని నేను పని కింద కూడా లెక్కపెట్టలేదు. ఏడాదిలో క్లాసులు ఏ రోజు మొదలవ్వాలి, ఏ రోజు ఆగాలి, పరీక్షలెప్పుడు అని ఒక పట్టిక ఉంటుంది. దాన్ని ఏటా రెక్టారు ఖరారు చేయాలి. నాకంటే ముందున్నాయన పట్టికలో సంవత్సరం మార్చి, పండగ సెలవుల తేదీలు సరిచేసి మా సెక్షన్ సూపరింటెండెంటు నా ముందు పెట్టేవాడు. నేను సంతకం పెట్టేవాణ్ని. రెండు నిమిషాలు పట్టేది.

ఆ పట్టిక ప్రకారం ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు డిసెంబరులో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. మిరప కోతలు జనవరిలో మొదలై మార్చి చివరిదాకా సాగుతాయి. ఈ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. నేను పుట్టింది ఆ చేలల్లోనే. మిరప కోసిన చేత్తో కళ్లు నులుముకుని ఏడ్చిన రోజులు నాకూ ఉన్నాయి. అయినా ఆ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఒక్క ఏడూ తోచలేదు.

మా పిల్లల్లో సగానికి సగం దర్శి, అద్దంకి, పర్చూరు, ప్రత్తిపాడు వైపు పల్లెలవాళ్లు. కోతలొస్తే ఇంటికెళ్లిపోతారు. వెళ్లకపోతే పండిన కాయ చెట్టునే రాలిపోతుంది. తిరిగొచ్చేసరికి హాజరు పడిపోయి ఉంటుంది. నూటికి డెబ్బై అయిదు ఉండాలి. అంతకంటే తగ్గితే, మరీ అడుగంటిపోకుండా ఉంటే, జబ్బు చేసినట్టు డాక్టరు కాగితం పెట్టుకోవచ్చు. ఆ కాగితాన్ని మన్నించే అధికారం రెక్టారుది. అందుకని ఏటా ఏప్రిల్ మొదటి వారంలో మా యూనివర్సిటీలో పెద్ద అంటువ్యాధి ప్రబలుతుంది. అందరికీ టైఫాయిడే. అందరికీ మూడు వారాల విశ్రాంతే. ఒకే ఊరి డాక్టరు, ఒకే రకం దస్తూరీ, పేరూ తేదీలూ మాత్రం వేరు. దరఖాస్తు ఎలా రాయాలో మా సెక్షన్‌లోనే చెప్తారు. నమూనా ఒకటి గోడకి అంటించి ఉండేది కూడా.

ఇందులో దాపరికమేమీ లేదు. నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా నాన్న నాకూ అలాంటి కాగితమే తెచ్చి ఇచ్చాడు. అది మోసమని అప్పుడనిపించలేదు, మొన్నమొన్నటిదాకా అనిపించలేదు. వానొస్తే గొడుగు వేసుకున్నట్టు, హాజరు తగ్గితే టైఫాయిడ్ వేసుకోవడం మా దగ్గర ఆచారం.

రెక్టారుగా నా రెండో ఏడు ఆ కట్ట వచ్చినప్పుడు సూపరింటెండెంటు ఒక దరఖాస్తుని విడిగా తీసి అన్నిటికంటే పైన పెట్టాడు. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మెత్తని మనిషి. నాకంటే ఎక్కువమంది పిల్లల్ని గట్టెక్కించినవాడు.

"ఇదొక్కటి చూడండి సార్. నా సర్వీసులో ఇట్టాంటిది చూళ్లేదు."

తెలుగులో, గుండ్రటి అక్షరాలతో రాసిన ఒక పేజీ కాగితం. దర్శి దగ్గర పల్లె నుంచి వచ్చి మా వృక్షశాస్త్రంలోనే ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి రాసింది. తనకి జబ్బేమీ చేయలేదనీ, మిరప కోతలకి వెళ్లాననీ మొదటి వాక్యంలోనే రాసింది. తండ్రి లేడు. తల్లి కౌలుకి మిరప వేసింది. కోతకి మనుషులు దొరక్క నాలుగిళ్లవాళ్లని బదులుకి పిలిచింది. వాళ్లొచ్చి వీళ్ల చేలో కోశారు కాబట్టి, వీళ్లు వెళ్లి ఆ నాలుగిళ్ల చేలల్లోనూ కోయాలి. తల్లి ఒక్కతే అన్ని రోజులు తీర్చలేదు కనక తానూ వెళ్లాననీ, ఆ రోజుల్లో సాయంత్రాలు చదువుకున్నాననీ, పరీక్ష రాయనివ్వమనీ అడిగింది. ఎన్ని రోజులు ఎవరి చేలో కోసిందో కూడా కింద రాసింది.

బదులంటే ఏమిటో నాకు తెలుసు. మనిషికి మనిషి, రోజుకి రోజు. దాన్ని ఎగ్గొడితే మళ్లీ ఏడు మన చేలోకి ఎవరూ అడుగుపెట్టరు. నోటిమాట మీద నడిచే ఏర్పాటు అది, ఎక్కడా సంతకాలుండవు.

"ఏం చేద్దామంటారు?" అన్నాను.

"ఏముంది సార్. అమ్మాయిని పిలిచి ఓ సర్టిఫికెట్ పడెయ్యమంటే పోద్ది. చదువుకునే పిల్లేనంట. గురుకుల కాలేజీలో జూన్ నుంచి పాఠాలు చెప్పడానికి రమ్మన్నారంట కూడా. పట్టా చేతికొస్తేనే. ఈ పరీక్ష పోతే అదీ పోద్ది."

పిలిపించాను. సన్నగా, పొడుగ్గా ఉన్న పిల్ల. వేళ్ల చివర్లు ఇంకా కమిలే ఉన్నాయి. మొదటి ఏడు నా క్లాసులో మూడో వరసలో కూర్చునేదని చూడగానే గుర్తొచ్చింది. రెక్టారునయ్యాక కూడా వారానికి ఒక క్లాసు చెప్పేవాణ్ని. అది వదులుకోలేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ని కూడా.

"ఏమ్మా, ఇలా రాస్తే ఎలా? రూల్సులో మిరప కోతలనే కారణం లేదు కదా. రేపు సాయంత్రంలోగా డాక్టరు దగ్గర్నుంచి కాగితం తీసుకురా. నేను సంతకం పెడతాను."

"నాకు జబ్బు చేయలేదండి."

"చేసిందని నేనూ అనట్లేదమ్మా. కాగితం తెమ్మంటున్నాను."

నాకు ఎదురు చెప్పాలని వచ్చిన పిల్ల కాదు. భయపడుతోందని తెలుస్తూనే ఉంది.

"ఫస్టియర్లో ఒకబ్బాయి చేలోకి వెళ్లకుండా తెగుళ్లు లెక్కేసినట్టు రాశాడండి. మీరు ఆ రికార్డు చింపేశారు. చూడంది రాయొద్దన్నారండి. అందుకని నేను జరిగిందే రాశాను."

అప్పుడు నేను ఏమనుకున్నానో ఉన్నదున్నట్టు చెప్పాలి. నాకు సిగ్గు వేయలేదు. ఒళ్లు మండింది. క్లాసులో చెప్పిన మాటని ఆఫీసులోకి మోసుకొచ్చిందేమిటి ఈ పిల్ల అనుకున్నాను. నా మంచికోసం నేను చెప్పట్లేదు కదా, దాని మంచికోసమే కదా అనుకున్నాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని నాతో పనిచేసిన అందరికీ తెలుసు. అయినా ఆపుకుని, ఆలోచించుకుని రమ్మని పంపేశాను.

మర్నాడు సూపరింటెండెంటే పుణ్యం కట్టుకున్నాడు. ఆ అమ్మాయి పేరుమీద టైఫాయిడ్ కాగితం ఒకటి తెప్పించాడు. దానికి తగిన దరఖాస్తు కూడా టైపు కొట్టించాడు. ఇక ఆ పిల్ల కింద సంతకం చేస్తే సరి. ఈ సంగతి నాకు ముందే చెప్పాడు. నేను కానివ్వమన్నాను. ఇంతకంటే మంచి మనసు ఏ రెక్టారుకీ ఉండదని ఆ పూట నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ పిల్ల వచ్చింది. కాగితాలు రెండూ నిలబడే చదివింది. ఆయన పెన్ను మూత తీసి మరీ అందించాడు.

"పెట్టేయమ్మా. సారే చెప్పారు."

ఆ పిల్ల పెన్ను తీసుకోలేదు. నావైపు చూసి, "ఇందులో రాసిన రోజుల్లో నేను మంచంలో లేనండి. ఆ నాలుగిళ్లవాళ్లకీ తెలుసు" అంది.

"ఆ నాలుగిళ్లవాళ్లు ఇక్కడికొచ్చి చూస్తారా?" అని అరిచాను.

"లేదండి."

"మరి?"

నా చెయ్యి దానంతటదే పాత దరఖాస్తుని, మిరప కోతల దరఖాస్తుని, దగ్గరికి లాక్కుంది. వైద్య కారణం లేనందున తిరస్కరించడమైనది అని రాసి సంతకం పెట్టాను. అక్షరాలు కాగితాన్ని చీల్చేంత గట్టిగా పడ్డాయి. తర్వాత ఆ పిల్ల చూస్తుండగానే కట్టలో మిగిలిన టైఫాయిడ్లన్నీ ఒక్కొక్కటే తిప్పుతూ మన్నించడమైనది, మన్నించడమైనది అని సంతకాలు పెట్టుకుంటూ పోయాను. అంత అల్పంగా నా జన్మలో ఎప్పుడూ ప్రవర్తించలేదు. ఎవరిమీద కసి తీర్చుకుంటున్నానో నాకే తెలియదు.

ఆ పిల్ల ఏడవలేదు. "మళ్లీ ఏడు ఈ సెమిస్టరులో చేరొచ్చాండి?" అని అడిగింది.

"చేరొచ్చు."

"సరేనండి" అని వెళ్లిపోయింది.

తలుపు మూసుకున్నాక సూపరింటెండెంటు మెల్లిగా, "ఇప్పుడు దీన్ని ఒప్పుకుంటే రేపు అందరూ నిజమే రాస్తారు సార్. అప్పుడు మనకి ఏం దారి ఉంటది?" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. నేను చాలా రోజులు ఆ మాటనే పట్టుకుని నిద్రపోయాను.

అది తిరస్కరించక తప్పదనేమీ లేదు. ప్రత్యేక సందర్భంగా పరిగణించమని నేను రెండు వాక్యాలు రాసి అకడమిక్ కౌన్సిల్ ముందు పెట్టి ఉండొచ్చు. ఈలోగా పరీక్ష రాయనిచ్చి ఫలితం ఆపి ఉంచొచ్చు. ఆ వెసులుబాటు రెక్టారుకి ఉంది. అది ఉందని నాకు తెలుసు. ఎవరో పెద్దాయన కూతురి విషయంలో వాడాను కూడా. ఆ పూట మాత్రం గుర్తుకు రానివ్వలేదు.

పరీక్షలు ముగిశాక మే మొదట్లో దర్శిలో ఒక కాలేజీ తనిఖీకి వెళ్లాను. తిరిగొస్తూ, ఎందుకో నాకే సరిగా తెలియకుండా, డ్రైవరుకి ఆ పిల్ల ఊరి పేరు చెప్పాను. ఊరి బయట కల్లంలో దొరికారు తల్లీ కూతురూ. ఎండిన కాయ పరిచి ఉంది. ఇద్దరూ గొంతుక్కూర్చుని తెల్లబడ్డ తాలు కాయ ఏరి పక్కన పోస్తున్నారు. కారు చూసి ఆ పిల్ల లేచి చేతులు దులుపుకుని నమస్కారం పెట్టింది. తల్లికి, "మా సారమ్మా. రెక్టారు గారు" అని చెప్పింది.

నన్ను తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ గబగబా గోనెపట్టా దులిపి వేసింది. చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"కూర్చోండి సారూ. దీనికి మీరైనా కాస్త గడ్డి పెట్టండి. అందరూ ఇచ్చిన కాగితం ఇది ఇయ్యనందంట. ఏం పోయిందే నీకు అని చచ్చేట్టు తిట్టాను. మొండి సారూ ఇది, వాళ్ల నాన్న పోలిక. బంగారం లాంటి ఏడు పాడుచేసుకుంది."

"అమ్మా, ఊరుకో" అంది ఆ పిల్ల.

"ఎందుకూరుకోవాలే? సారు నీ మంచి కోరి చెప్తే వినాలా వద్దా? చెప్పండి సారూ."

అబద్ధం రాయమని నేను చెప్పాననీ, రాయనందుకు నేనే కొట్టేశాననీ, తప్పు నాదనీ ఆ కల్లంలో నిలబడి చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? నాలుగు చాలు. అవి నోట్లోంచి రాలేదు. మజ్జిగ తాగి చెంబు కింద పెట్టాను.

వచ్చేముందు ఆ పిల్ల కల్లం పక్కనున్న పాకలోకెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చి చూపించింది. కోతలకి వెళ్లిన రోజుల్లో ఆ చేలల్లో ఏ చెట్టుకి ఏ తెగులు చూసిందో, పూతలో నల్ల తామరపురుగు ఏ మూల నుంచి మొదలై ఎటు పాకిందో, ఏ మందు కొట్టాక ఏమయిందో రోజువారీగా రాసుకుంది. అంత శుభ్రమైన పరిశీలన నా దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లు కూడా ఎవరూ చేయలేదు. మా దృష్టిలో అవి ఆ పిల్ల కాలేజీకి రాని రోజులు.

"బాగుందమ్మా" అన్నాను. ఇంకేం అంటాను.

ఆ దారంతా చీమకుర్తి రాళ్ల లారీల వెనక నత్తనడక నడుస్తూ, ఇక ఈ పట్టిక మార్చాల్సిందేనని ఒట్టు పెట్టుకున్నాను. నిజంగానే రాశాను. చివరి సెమిస్టరుని ముందుకి జరిపి, కోతల కాలం సెలవుల్లో పడేట్టు చూడాలని ప్రతిపాదన చేసి అకడమిక్ కౌన్సిల్లో పెట్టాను. ఎవరూ కాదనలేదు. కాదంటే పోట్లాడేవాణ్నేమో. మంచి ఆలోచన అన్నారు. పట్టణం పిల్లలకి ఇబ్బందేమో అన్నారొకరు, పత్తి తీతలు కూడా ఉన్నాయి కదా అన్నారు ఇంకొకరు, రాష్ట్రమంతా ఒకే పట్టిక ఉండాలని పైనుంచి మాట ఉంది కదా అన్నారు మరొకరు. చివరికి అధ్యయనానికి కమిటీ వేశారు. అధ్యక్షుణ్ని నేనే. ఆ కమిటీ ఒకసారి కూర్చుంది. రెండోసారి కూర్చోవాల్సిన వారం యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే బృందం వస్తోందని అందరం గోడలకి సున్నాలు వేయించే పనిలో పడ్డాం. ఆ తర్వాత ఆ ఫైలు గురించి నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. కొత్త పట్టిక నా ముందుకొచ్చింది. సంవత్సరం మార్చి ఉంది. సంతకం పెట్టాను.

ఆ డిసెంబరులో ఆ పిల్ల మళ్లీ వచ్చి చేరింది. చెప్పినట్టే తనకంటే చిన్నవాళ్లతో కలిసి కూర్చుంది. ఒకసారి వరండాలో ఎదురుపడి నమస్కారం పెట్టింది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని తల ఊపాను. ఫోనులో ఎవరూ లేరు.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. మళ్లీ ఆ కట్ట. సూపరింటెండెంటు నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. వచ్చే నెలలోనే ఆయన రిటైర్మెంటు.

"సార్, ఆ దర్శి అమ్మాయి దారికొచ్చిందండి."

కట్ట పైనే ఉంది. టైఫాయిడ్. మూడు వారాల విశ్రాంతి. డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర, కింద ఆ పిల్ల గుండ్రటి సంతకం. ఏ ఆసుపత్రో కూడా చూడలేదు. అన్నీ ఒకటేగా.

నాకు హాయిగా అనిపించింది. ఈ ఒక్క మాట రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో. ఏడాదిపాటు గుండెల మీద కూర్చున్న బరువు దిగినట్టయింది. ఆ పిల్ల కూడా మాలాంటిదే అయిపోయింది కాబట్టి ఇక నేను చేసింది అంత పెద్ద తప్పేం కాదు. అలాగే అనుకున్నాను, సరిగ్గా ఈ మాటల్లోనే. సంతోషంగా సంతకం పెట్టాను. మన్నించడమైనది.

"బయటే ఉందని అటెండరు చెప్పాడండి. మిమ్మల్ని కలుస్తానంటోందంట."

"రమ్మనండి."

తలుపు చప్పుడైంది. నేను తర్వాతి దరఖాస్తు తిప్పుతూ, తలెత్తకుండానే అన్నాను.

"ఏమ్మా, ఇప్పటికి తెలివొచ్చిందా? ఈ పనేదో పోయినేడే చేసుంటే ఏడాది కలిసొచ్చేది కదా?"

పక్కన నిలబడ్డ సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. తలెత్తాను.

ఆ పిల్లని పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. చున్నీ తల నిండా కప్పుకుని ఉంది. చున్నీ అంచు దగ్గర జుట్టు పలచబడి మాడు కనిపిస్తోంది. బుగ్గలు లోపలికి పోయాయి. కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది. మా ఆఫీసు మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు లేదు.

"కూర్చోమ్మా, కూర్చో" అన్నాను లేచి.

"పర్లేదండి. మళ్లీ లేవలేను" అంది. తర్వాత, నేను అన్నదానికి జవాబు చెప్పాలి కాబట్టి చెప్తున్నట్టుగా, నిదానంగా చెప్పింది. "ఈ ఏడు మిరప వెయ్యలేదండి. నా క్లాసులు పోకూడదని మా అమ్మ శనగేసింది. మిషనే కోసేసిద్ది కదండీ. ఫిబ్రవరిదాకా ఒక్క రోజు కూడా మానలేదు. తర్వాత జొరమొచ్చిందండి. ఒంగోలు పెద్దాసుపత్రిలో ఉంచారు."

సూపరింటెండెంటు తల దించుకుని గబగబా బయటికెళ్లిపోయాడు. నేను ఆ కాగితాన్ని మళ్లీ చూశాను. మామూలు డాక్టరు దస్తూరీ కాదు. ఒంగోలు ఆసుపత్రి ముద్ర స్పష్టంగా ఉంది. రోజుల లెక్క ఉంది, రక్త పరీక్షల కాగితాలు వెనక కుట్టి ఉన్నాయి. వాటిని నేను తిప్పి కూడా చూడలేదు.

ఏదో ఒకటి అనాలి. "ఇంత ఎండలో, ఇంత నీరసంతో నువ్వెందుకొచ్చావమ్మా? ఎవరిచేతైనా పంపిస్తే సరిపోయేది కదా" అన్నాను.

"అందరూ ఇదే జబ్బు రాస్తారు కదండీ" అంది ఆ పిల్ల. "ఉత్త కాగితం పంపిస్తే మీరు నమ్మరేమోనని, ఒకసారి కనపడి పోదామని వచ్చానండి."

కాగితం నా చేతిలోనే ఉంది. సంతకం అప్పటికే అయిపోయింది. అది అబద్ధమనుకునే పెట్టాను.